లుసాకా నుంచి లువాండాకు గంటన్నర

మూడేళ్ళ క్రితం చనిపోయిన నేతన్ ఫోన్ నుంచి మంగళవారం ఉదయం పదీ ఇరవైకి మెసేజ్ వచ్చింది.

"లుసాకా – లువాండా. ఎంత?"

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తు క్లాస్‌రూమ్‌లో తెల్లబోర్డు ముందు నిలబడి ఉన్న ఆండ్రూ ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదివాడు. గదిలో నలభై మంది విద్యార్థులు, నాలుగు ఫ్యాన్లు. తిరుగుతున్నది ఒక్క ఫ్యానే. అయినా అతనికి వెన్నులో చలి పుట్టింది.

లోకానికి ఆండ్రూ ఎయిర్ టికెటింగ్ కోర్సు చెప్పే మాస్టారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరం, గాలిలో ఎన్ని గంటలు, దిగేటప్పటికి అక్కడి గడియారంలో ఎంత, ఇదీ అతని సబ్జెక్టు. అసలు ఉద్యోగం వేరు. బోర్డు మీద పేరు రాసుకోని ఒక నిఘా సంస్థలో అతను ఆఫ్రికా డెస్క్ ఏజెంట్. కోడ్ నేమ్ 'ట్రాన్సిట్'.

నేతన్ ఇదే క్లాసులో రెండో బెంచీలో కూర్చుని నేర్చుకున్నవాడు. వాడిలోని చురుకు చూసి ఆండ్రూయే సంస్థలోకి తీసుకున్నాడు. లుసాకాకి పంపేముందు ఇద్దరూ ఒక కోడ్ పెట్టుకున్నారు. ఒకరు రెండు ఆఫ్రికా నగరాల పేర్లు చెప్పాలి. రెండోవారు ఆ విమాన ప్రయాణానికి పట్టే సమయం చెప్పాలి. ప్రశ్న మెసేజ్‌లో పంపవచ్చు, జవాబు మాత్రం నోటితోనే. జవాబు ఏదంటే ఆండ్రూ చేత్తో రాసిన నోట్సులో ఉన్నదే.

ఆ నోట్సులో ఒక తప్పుంది.

లుసాకాలో పదింటికి బయల్దేరిన విమానం లువాండాలో పదకొండున్నరకు దిగుతుంది. గడియారాలు మాత్రమే చూసేవాడు గంటన్నర ప్రయాణం అనుకుంటాడు. కానీ లువాండా గడియారం లుసాకా కంటే గంట వెనక నడుస్తుంది. గాలిలో గడిచేది రెండున్నర గంటలు. నోట్సు రాసిన రోజు ఆండ్రూ ఆ గంట సంగతి మరిచి, గంటన్నర అని రాసేశాడు. ఎంత చదువుకున్నవాడైనా ఎక్కడో ఒకచోట పప్పులో కాలేస్తాడు. అందరి కాలికీ పప్పే అంటుతుంది, ఆండ్రూ కాలికి నెత్తురు అంటింది.

"పదింటికి విమానం ఎక్కుతున్నా అన్నా, లువాండాలో కారు పెట్టించు" అని నేతన్ లుసాకా నుంచి కబురు పెట్టిన రోజున ఆండ్రూ పదికి నోట్సులోని గంటన్నర కలిపాడు. అక్కడ గంట వెనక కదా అని మళ్ళీ ఒక గంట తీసేశాడు. కారు పదిన్నరకే వెళ్ళింది. గంటసేపు ఎయిర్‌పోర్టు ముందు ఆగి ఉన్న కారుని పోలీసులు అనుమానించి తరిమేశారు. పదకొండున్నరకు నేతన్ దిగాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. నెల తర్వాత నెత్తుటి చొక్కా ఒకటి పార్సిల్లో వచ్చింది. శవం రాలేదు. నారాయణగూడ సమాధుల తోటలో ఖాళీ పెట్టెను పాతిపెట్టారు.

ఆండ్రూ నోట్సు దిద్దుకున్నాడు. ఏం లాభం? పాత ప్రతి అప్పటికే అమీర్‌పేటలోని ప్రతి జిరాక్స్ షాపుకీ చేరింది. ఫుట్‌పాత్ మీద స్పైరల్ బైండింగ్ చేసి ఇవాళ్టికీ అదే అమ్ముతున్నారు. ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు దాన్నే పట్టుకొస్తారు. నేతన్ పోయాడు గానీ నేతన్‌ని చంపిన లెక్క మాత్రం బతికే ఉంది.

ఇప్పుడు కూడా, ఏదో పూనినట్టు ఆండ్రూ నోటినుంచి ప్రశ్న దానంతటదే వచ్చింది. "లుసాకా టు లువాండా. ఫ్లయింగ్ టైమ్ ఎంత?"

"గంటన్నర సార్!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"కాదు, రెండున్నర గంటలు" అంది చివరి బెంచీలోంచి ఒక బొంగురు గొంతు.

ఆ గొంతు రాజనర్సయ్యది. యాభై ఆరేళ్ళు. జగిత్యాల వైపు మనిషి. జుట్టుకు రంగు, మెడలో ఐడీ కార్డు, ఒడిలో బ్యాక్‌ప్యాక్. పదకొండేళ్ళు లువాండా ఎయిర్‌పోర్టులో కార్గో లోడింగ్ చేశాడు. మందుల పెట్టెల పేరుతో ఒక విదేశీ ముఠా తుపాకులు దింపుతుంటే కళ్ళారా చూశాడు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి వీడియోలో అంతర్జాతీయ దర్యాప్తు బృందం ముందు సాక్ష్యం చెప్పాలి. చెప్పేస్తే ముఠా పని అయిపోయినట్టే. అందుకని నాలుగు లోపల అతన్ని చంపాలని వాళ్ళు హైదరాబాద్ అంతా గాలిస్తున్నారు. యాభై ఆరేళ్ళ మనిషిని ఎక్కడ దాచాలి? అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో. ఏ వయసువాడు ఏ కోర్సులో చేరినా ఇక్కడ ఎవరూ తల తిప్పి చూడరు. అతనెక్కడున్నాడో ఆండ్రూకొక్కడికే తెలుసు.

* * *

పంజాగుట్టలో ఆ సంస్థ ఆఫీసుకు చెవిటి మిషన్ల దుకాణం బోర్డు ఉంటుంది. ఊరి మాటలన్నీ వినే చోటికి ఆ బోర్డు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, పదేళ్ళలో ఒక్క కస్టమర్ కూడా లోపలికి రాలేదు. చీఫ్ పేరు జీవమణి. బాపట్ల ఆవిడ, రిటైర్మెంట్ దగ్గరపడింది.

"వందనాలు ఆండ్రూ గారూ. కూర్చోండి. మెసేజ్ నేనూ చూశాను."

"వాడు బతికున్నాడేమో మేడమ్."

"అదే మీతో అనిపించాలని పంపారు." ఆవిడ టేబుల్ మీద ఒక ఫొటో పెట్టింది. పొడవాటి మెడ, ముత్యాల దుద్దులు, నవ్వని కళ్ళు. "సిల్వియా. శ్రీనగర్ కాలనీలో పుట్టింది. ఎయిర్‌హోస్టెస్‌గా వెళ్ళి లుసాకాలో స్థిరపడింది. మనకు సమాచారం అమ్మేది. నిన్న బేగంపేట హోటల్లో దిగింది. నేతన్ ముఠా చేతిలో ప్రాణాలతో ఉన్నాడట. రాజనర్సయ్యను ఇస్తే వదిలేస్తారట."

"ఆమె మనవైపా, వాళ్ళవైపా?"

"ఎప్పుడూ అద్దం వైపే ఉంటుందండీ. మూడింటికి ఇక్కడే పై వీధిలో బిర్యానీ హోటల్. మీరు వెళ్ళండి. ఆమె వెనక ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. బేరం మాత్రం వద్దు."

"నిజంగా బతికే ఉంటే?"

జీవమణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఉంటే దేవునికి స్తోత్రం. సాక్షిని మాత్రం కదపకండి."

ఆండ్రూ తల ఊపాడు. మెట్లు దిగుతూ మెడలోని ఐడీ కార్డు క్లిప్పును రెండు వేళ్ళతో నొక్కి తిప్పాడు. అందులోనే మైకు, అందులోనే ట్రాకర్. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి దాన్ని ఆఫ్ చేశాడు.

* * *

రెండుంబావుకి రాజనర్సయ్యతో కలిసి అమీర్‌పేటలో మెట్రో ఎక్కాడు. పంజాగుట్ట పక్క స్టేషనే, రెండు నిమిషాల ప్రయాణం. ఈ లెక్కయినా తప్పదు కదా అనుకున్నాడు ఆండ్రూ.

"సార్, సాక్ష్యం నాలుగింటికి కద? గిప్పుడెటు పోతున్నం?"

"తిందాం నర్సయ్యన్నా. హాస్టల్ పప్పు తిని విసుగొచ్చింది అన్నావుగా."

అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఎన్నో దేశాల్లో ఎన్నో పేర్లతో చెప్పాడు. ఈ ఒక్క అబద్ధం చెప్పాక మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కిటికీ అద్దంలో తన మొహం పక్కన నేతన్ మొహం కనబడింది. మూడేళ్ళుగా ఎక్కడ అద్దం ఉంటే అక్కడ కనబడుతోంది, పదే పదే గడియారం చూసుకుంటూ.

"నాకు తమ్ముడిలాంటివాడు ఒకడుండేవాడు. లువాండా ఎయిర్‌పోర్టులో దిగి కనబడకుండా పోయాడు. నా వల్లే." ఆండ్రూకే తెలియకుండా మాట జారింది. "ఇప్పుడు బతికున్నాడంటున్నారు."

రాజనర్సయ్య అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. బ్యాగును గుండెకు అదుముకుని "స్టేషన్ వచ్చింది సార్, దిగుదాం" అన్నాడు.

హోటల్ మొదటి అంతస్తులో స్తంభం వెనక టేబుల్ దగ్గర అతన్ని కూర్చోబెట్టి, కిటికీ పక్కన ఎదురుచూస్తున్న సిల్వియా దగ్గరికి ఆండ్రూ నడిచాడు. పది అడుగులు ఉంటుందేమో. ఒక్కో అడుగూ బరువుగా పడింది. నేను చేస్తున్నది ఏమిటి? ఒక బతికున్న మనిషిని ఇచ్చి ఒక చచ్చిపోయిన మనిషిని అడుక్కుంటున్నాను. అది తెలిసే నడిచాడు.

"హలో ఆండ్రూ గారూ." సిల్వియా చెయ్యి చాపింది. ఖరీదైన సెంటు వాసన, బిర్యానీ వాసన కలిసిపోయి ఉన్నాయి. "మిమ్మల్ని కలవడానికి ఎక్కడికి రావాల్సి వచ్చిందో చూడండి. ఈ ఏరియాని నేనెప్పుడూ కారు అద్దంలోంచే చూశాను."

"నేతన్‌తో మాట్లాడాలి. తర్వాతే మిగతా మాటలు."

"ష్యూర్." ఆమె ఫోన్ తీసి నంబర్ నొక్కి అతని చేతికిచ్చింది. రెండో చేత్తో టేబుల్ మీద ఒక లిప్‌స్టిక్ పెట్టింది. దాని కొసన సన్నని విషపు సూది ఆండ్రూ మణికట్టుకు అంగుళం దూరంలో ఆగింది. "ఫార్మాలిటీ. తొందరపడి లేవకండి."

ఫోన్లో గరగర. తర్వాత గొంతు.

"అన్నా... నేనే."

ఆండ్రూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదే గొంతు. 'అన్నా' అనేటప్పుడు చివర కాస్త సాగదీసే అదే అలవాటు. మూడేళ్ళు ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద అడిగింది ఈ ఒక్క పిలుపునే.

"ఎలా ఉన్నావురా?"

"బాగలేను అన్నా. వీళ్ళు అడిగింది ఇచ్చెయ్. నన్ను తీసుకుపో."

ఇచ్చేస్తానురా అనబోయాడు. మాట నాలుక కొస దాకా వచ్చింది. ఇరవై రెండేళ్ళ అలవాటు దాన్ని అక్కడే ఆపింది. కోడ్ అడగకుండా కన్నతల్లినైనా నమ్మవద్దని శిష్యులకు నేర్పినవాడు అతనే.

"లుసాకా, లువాండా. ఎంత?"

"రెండున్నర గంటలు అన్నా. సుమారు పద్దెనిమిది వందల కిలోమీటర్లు."

జవాబు సరైనదే.

సరైనది కాబట్టే ఆండ్రూ గుండెలో రాయి పడింది. దూరం ఎంతో, సమయం ఎంతో ఇంటర్నెట్‌లో చూసిన ప్రతివాడూ చెప్పగలడు. గంటన్నర అని చెప్పాలంటే మాత్రం అమీర్‌పేటలో కూర్చుని, ఆ తప్పుల నోట్సును కంఠతా పట్టి ఉండాలి. మూడేళ్ళలో నేతన్‌కి సరైన లెక్క తెలిసి ఉండకూడదా? మనసు బతిమాలింది. కానీ నేతన్ ఎలాంటివాడో అతనికి తెలుసు. "సూర్యుడు పడమట పుడతాడని మెటీరియల్‌లో ఉంటే, పరీక్ష అయిపోయేదాకా పడమటే పుడతాడు అన్నా" అని నవ్వేవాడు.

చివరిగా ఒక్క దారం పట్టుకు వేలాడాడు ఆండ్రూ. "మన నోట్సు ప్రకారం చెప్పరా."

రెండు క్షణాలు నిశ్శబ్దం. దూరంగా ఎవరో కీబోర్డు నొక్కిన చప్పుడు. తర్వాత అదే గొంతు, అదే ముద్దుతో అంది: "నోట్సు ప్రకారమే అన్నా. రెండున్నర గంటలు."

కంప్యూటర్. నేతన్ పాత వాయిస్ మెసేజీలు దానికి పోసి, గొంతును అచ్చు గుద్దించారు. నేతన్ ఫోన్‌లో కోడ్ ప్రశ్నలు దొరికాయి, జవాబులు దొరకలేదు. ఆండ్రూ ఫోన్ తిరిగి ఇచ్చాడు. నేతన్ తన చేతుల్లో రెండోసారి చనిపోయినట్టయింది. ఏడవడానికి మాత్రం టైము లేదు.

"నమ్మకం కుదిరిందా?" అంది సిల్వియా.

"కుదిరింది." కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నటన కాదు కాబట్టి ఆమె నమ్మింది. తుడుచుకుంటూనే మెడలోని క్లిప్పును మూడుసార్లు నొక్కి, మైకును మళ్ళీ ఆన్ చేశాడు. "నా క్లాసులోనే దాచాను. మైత్రీవనం వెనక, మూడో అంతస్తు. ఎర్ర చొక్కా, చివరి బెంచీ. మూడున్నరకు క్లాసు అయిపోతుంది, ఆ లోపలే వెళ్ళమనండి."

సిల్వియా ఫోన్లో నాలుగు మాటలు చెప్పింది. అమీర్‌పేటలో వ్యాన్‌లో కాచుకున్న ఐదుగురు, ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళ వేషంలో, సైలెన్సర్ తుపాకులతో పరుగెత్తారు.

పాపం, వాళ్ళకు అన్ని దేశాల్లోనూ ట్రైనింగ్ ఉంది. అమీర్‌పేటలో లేదు. మూడున్నరకు అక్కడ బ్యాచ్‌లు మారతాయి. ఒక్కో బిల్డింగ్‌లోంచి వందల మంది దిగుతుంటే, వందల మంది ఎక్కుతుంటారు. ఆ మెట్ల మీద ఇరుక్కున్నవాడు తన కాళ్ళతో నడవడు, జనం ఎటు తోస్తే అటు పోతాడు. తుపాకీ తీయడం మాట అటుంచి, ముక్కు గోక్కోవడానికి కూడా చెయ్యి లేవదు.

మూడూ నలభైకి సిల్వియా ఫోన్ మోగింది. వ్యాన్‌లో మిగిలిన డ్రైవర్ మాట వినగానే ఆమె మొహంలో రంగు మారింది. రెండో అంతస్తు దగ్గర ఇద్దరిని, మొదటి అంతస్తులో ముగ్గురిని ఎవరో 'విద్యార్థులు' చుట్టుముట్టి సంకెళ్ళు వేశారు.

"మీరు నాతో ఆటలాడారు." లిప్‌స్టిక్ సూది ఆండ్రూ చర్మానికి తగిలింది. "నేతన్ కూడా ఇంతే. చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు."

"గీమెనే!"

స్తంభం చాటునుంచి రాజనర్సయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో బిర్యానీతో ఇచ్చిన, పొగలు కక్కుతున్న సలాన్ పులుసు గిన్నె. "గా పొద్దు లువాండల గేటు కాడ నీ తమ్ముని చెయ్యి వట్టుకొని తీస్కపోయింది గీమెనే సార్!"

సిల్వియా అటు తిరిగింది. వారం రోజులుగా ఊరంతా వెతికిస్తున్న మనిషి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఆ ఆశ్చర్యం ఒక్క క్షణం ఉంది. ఆ క్షణం చాలు. సలాన్ ఆమె మొహాన పడింది. ఆండ్రూ మణికట్టు లాగేసుకున్నాడు, సూది టేబుల్ చెక్కలో దిగబడింది. పక్క టేబుల్ తుడుస్తున్న ఇద్దరు వెయిటర్లు గుడ్డలు పడేసి ఆమె చేతులు వెనక్కి విరిచారు. ఆ పట్టు చూస్తే వాళ్ళు ఏనాడూ వెయిటర్లు కాదని తెలుస్తోంది.

మెట్లెక్కి జీవమణి వచ్చింది. ఆయాసపడుతోంది. "మూడూ యాభై ఏడు. ఫ్యామిలీ క్యాబిన్ ఖాళీ చేయించాను. రండి నర్సయ్య గారూ, లైన్‌లో ఉన్నారు."

తుపాకుల పెట్టెల సంగతి, విమానాల నంబర్లు, తేదీలు. రాజనర్సయ్య నాలుగు గంటలకు మొదలుపెట్టి ఒక్కటీ తడబడకుండా చెప్పాడు. చివర్లో, ఎవరూ అడగకుండానే, ఇంకొకటి చెప్పాడు.

"ఒకాయన వచ్చిండు. మన తెలుగాయన. పదకొండున్నరకు దిగిండు. గేటు కాడ గడియారం సూస్కుంట నిలవడ్డడు. జర సేపటికి గామె వచ్చి, ఆండ్రూ సార్ పంపిండని చెప్పి తీస్కపోయింది. తెల్లారి మా లోడింగోళ్ళతోనే గుంత తవ్వించిన్రు, రన్‌వే కంచె అవతల. మెడల సిలువ ఉండె. గందుకని పెట్టె చెక్కలు రెండు ఇరిసి, సిలువ లెక్క కట్టి పాతిన."

క్యాబిన్‌లో ఆండ్రూ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. కారు టైముకి అక్కడ ఉండి ఉంటే నేతన్ ఆమె వెంట వెళ్ళేవాడు కాదు. తన పేరు చెబితేనే కదా వెళ్ళింది. ఏడుపు ఇప్పుడు వచ్చింది, ఆపుకోలేదు.

రాజనర్సయ్య వచ్చి పక్కన కూలబడ్డాడు.

"నన్ను ఆళ్ళకు ఇచ్చేటందుకే తీస్కపోతున్నవని మెట్రోలనే సమజైంది సార్."

"మరి ఎందుకు వచ్చావన్నా? వాడు లేడని నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు గంత ఆశతోని నడుస్తుంటివి, నోరు రాలే. బతికున్నడని చెప్పేటోళ్ళు ఎవలో కండ్లార సూద్దామనుకున్న." మెడలోని ఐడీ కార్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గా పొద్దు సూసుకుంట సుత నోరు మూస్కున్న. మూడేండ్లాయె, నాకు సుత కనవడ్తనే ఉన్నడు సార్."

ఆండ్రూ అతని చెయ్యి పట్టుకున్నాడు. క్షమించమని అడిగే అర్హత తనకు లేదనిపించింది. అయినా అడిగాడు. రాజనర్సయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం ఆరింటికి చెవిటి మిషన్ల దుకాణంలో జీవమణి ముందు ఆండ్రూ రాజీనామా కాగితం పెట్టాడు.

"సాక్షిని బయటికి తెచ్చాను మేడమ్. ఇచ్చేసేవాణ్ణి. ఒక్క మాట తేడాలో ఆగాను."

"తెలుసు. మీరు ట్రాకర్ ఆపిన నిమిషంలోనే నాకు తెలిసింది. మన వెయిటర్లు రెండింటి నుంచే అక్కడ టేబుళ్ళు తుడుస్తున్నారు." ఆవిడ కాగితం చదివి, మడిచి సొరుగులో పెట్టింది. "దీని సంగతి మీరు తిరిగొచ్చాక మాట్లాడదాం."

"ఎక్కడి నుంచి?"

"లువాండా. కంచె అవతల మన పిల్లవాడు మూడేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు, ఇంటికి తీసుకురండి. నర్సయ్య గారు చోటు గీసి ఇచ్చారు."

ఆండ్రూ లేచి నిలబడ్డాడు. "రేపే బయల్దేరతాను మేడమ్. ఏ విమానం, ఎన్నింటికి దిగుతానో ఇప్పుడే లెక్క వేసి..."

"వద్దండీ" అంది జీవమణి, ఫోన్ అందుకుంటూ. "ఆ లెక్క నేను వేస్తాను."